ఆపిన ఫ్రిజ్‌కు తలుపు మూయకండి!

వేసవి సెలవులకు ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్తూ, కొందరు ఫ్రిజ్‌ను ఖాళీచేసి, ఆపి, తలుపు గట్టిగా మూసేస్తారు. రెండు నెలల తర్వాత తెరిస్తే గుప్పుమని ముక్కవాసన! లోపలి గోడల మీద నల్లటి మచ్చలు! ఇవి ఎక్కడినుంచి వచ్చాయి?

అది బూజు. దాని సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. అవి మొలకెత్తాలంటే తేమ కావాలి. ఫ్రిజ్ ఆపగానే లోపలి మంచు కరిగి నీరవుతుంది. తలుపు అంచునున్న రబ్బరు పట్టీ గాలిని కదలనివ్వదు. లోపలి గాలి నీటి ఆవిరితో సంతృప్తమయ్యాక మిగిలిన తడి ఇక ఆరదు. తేమకు వెచ్చదనం తోడైతే బూజుకు పండుగే.

మరేం చేయాలి? ముందుగా ప్లగ్గు తీయించండి. మంచు కరిగాక, వంటసోడా కలిపిన నీటితో తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా చేయండి. వెనుక పళ్లెంలో నీరుంటే పారబోయండి. లేకుంటే దోమలు గుడ్లు పెడతాయి. అరలను వాటి చోటనే ఉంచి, తలుపు మూసుకోకుండా కర్రముక్క అడ్డుపెట్టి, తాడుతో కట్టండి.

ఈ జాగ్రత్త బూజు కోసమే కాదు. పూర్వపు ఫ్రిజ్ గడియలు లోపలినుంచి తెరుచుకునేవి కావు. ఆటల్లో అందులో దాక్కున్న పిల్లలు ఊపిరాడక చనిపోయారు. అందుకే తలుపు లోపలినుంచి కూడా తెరుచుకోవాలని అమెరికాలో 1956లో చట్టం చేశారు. నేటి తలుపులను పట్టి ఉంచేది అయస్కాంతమే; తోస్తే తెరుచుకుంటాయి. అయినా పసివాళ్లకు ఆ బలం చాలకపోవచ్చు. పారేయదలచిన ఫ్రిజ్‌కైతే తలుపే ఊడదీయించాలి.

మీ వీధిలో అలాంటి ఫ్రిజ్ మూలపడి ఉందా? ఈరోజే పెద్దలకు చెప్పండి.