రేకు మీద రాసిన పాట: డిస్క్ మ్యూజిక్ బాక్స్ కథ

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళినవాళ్ళెవరైనా ఆ గడియారం ముందు కూర్చునే ఉంటారు. గంట గంటకీ ఓ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్ళిపోతుంది. కరెంటు లేదు, చిప్ లేదు. ఏ క్షణంలో ఏం చెయ్యాలో లోపలి చక్రాలకే తెలుసు. అదే కుటుంబానికి చెందిన ఇంకో యంత్రం డిస్క్ మ్యూజిక్ బాక్స్. మన సీఎస్ఈ వాళ్ళకి ఇది తాతగారి వరస అని నా అభిప్రాయం.

మొదట వచ్చింది సిలిండర్ పెట్టె. 1796లో జెనీవాకి చెందిన ఆంటువాన్ ఫావ్ర్ అనే గడియారాల పనివాడు, ఉక్కు పళ్ళని మీటితే స్వరం పలుకుతుందని చూపించాడు. తర్వాత వాటిని దువ్వెనలా వరసగా అమర్చారు. పొడుగు పన్నుకి మంద్రం, పొట్టి పన్నుకి తారం. తిరిగే ఇత్తడి సిలిండర్ మీద సూదులు వాటిని మీటుతాయి. చిక్కేంటంటే, వేల సూదులు గుచ్చాలి. అంత కష్టపడ్డా ఆ పెట్టె ఆ నాలుగైదు పాటలే పాడుతుంది.

1880లలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో దీనికి విరుగుడు దొరికింది. సిలిండర్ బదులు లోహపు రేకు, అంటే డిస్క్. సింఫోనియన్, పాలిఫోన్ కంపెనీలు అక్కడివే. పాలిఫోన్ స్థాపకుల్లో ఒకడైన గుస్తావ్ బ్రాఖౌజెన్ అమెరికా వెళ్ళి 1892లో రెజీనా కంపెనీ పెట్టాడు. అచ్చుతో డిస్కులు ఎన్నైనా కొట్టొచ్చు. పాట మారాలంటే డిస్క్ మారిస్తే చాలు. హార్డ్‌వేర్ వేరు, సాఫ్ట్‌వేర్ వేరు అయిపోయాయన్నమాట!

పని చేసే తీరు చూద్దాం. స్ప్రింగ్‌కి కీ ఇస్తే డిస్క్ తిరుగుతుంది. వేగం పెరిగిపోకుండా ఓ చిన్న ఫ్యాన్ గాలిని కోస్తూ అదుపు చేస్తుంది. డిస్క్ అడుగున చిన్న కొక్కేలు ఉంటాయి. కొక్కెం నేరుగా పన్నుని తాకదు. మధ్యలో ఉన్న నక్షత్రం ఆకారపు చక్రాన్ని ఒక మెట్టు తిప్పుతుంది, ఆ చక్రం పన్నుని మీటుతుంది. ఇంకా మోగుతున్న పన్నుని మళ్ళీ తాకితే గరగరమంటుంది కాబట్టి, ముందే దాన్ని ఆపడానికి డ్యాంపర్ కూడా ఉంటుంది.

ఇప్పుడు ఓ చిన్న లెక్క. కేంద్రం నుంచి దూరం ఏ స్వరమో చెబుతుంది, కోణం ఎప్పుడో చెబుతుంది. అచ్చం పోలార్ కోఆర్డినేట్సే! డిస్క్ నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుందనుకుంటే సెకనుకి 6 డిగ్రీలు. మోహన ఆరోహణ స రి గ ప ద స సెకనుకొకటి చొప్పున పాడాలంటే కొక్కేలు 0, 6, 12, 18, 24, 30 డిగ్రీల దగ్గరుండాలి. అంచు దగ్గర, 18 సెంటీమీటర్ల వ్యాసార్థంలో, ఒక సెకను అంటే దాదాపు 1.9 సెంటీమీటర్లు. లోపల 6 సెంటీమీటర్ల దగ్గర 0.63 మాత్రమే. అంటే లోపలి వరసల్లో కొక్కేలకి చోటు తక్కువ.

ఈ లెక్కనే ప్రోగ్రామ్‌గా రాసి మోహన ఆరోహణ అమ్మకి వినిపించాను. అమ్మ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. విని, "స్వరాలు సరిగ్గానే ఉన్నాయిరా, మోహన మాత్రం లేదు" అంది.

ఎందుకు లేదు? పన్నుకి ఒకటే శ్రుతి. మన గాంధారం ఊగుతుంది, జారుతుంది, అదే గమకం. మన పక్కనున్న విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్‌ని అంత ఎత్తుకి తీసుకెళ్ళగలిగారంటే, తీగ మీద వేలు జారుతుంది కాబట్టే. మెట్ల వాద్యమైన హార్మోనియంని ఆలిండియా రేడియో 1940లో పక్కన పెట్టడానికీ ఇదే ఒక కారణం.

చివరికి మ్యూజిక్ బాక్స్‌ని ఓడించింది గ్రామ్‌ఫోన్. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతుని రికార్డు చేసినప్పుడు, ఏ స్వరం ఎప్పుడో కాదు, గొంతు కదిలిన ప్రతి కదలికా గాడిలో పడింది. రెండూ గుండ్రటి డిస్కులే. ఒకటి సూచనలు దాచింది, రెండోది శబ్దాన్నే దాచింది.

రేపు మనలో ఎవరో మన సంగీతానికి యాప్ రాస్తారు. కోడ్ మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకుందాం: మన డేటా ఫార్మాట్‌లో గమకానికి చోటుందా, లేక మనమూ కొక్కేలే గుద్దుతున్నామా?