మతిమరుపు జబ్బు మీద పరిశోధనకు వెళ్లే మేనకోడలికి

చాంద్రాయణగుట్ట



మెదడులోని కణాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా క్షీణించి చనిపోయే జబ్బులను నాడీక్షీణత వ్యాధులు అంటారు. వాటిలో ఒకటైన పార్కిన్సన్స్ జబ్బు లక్షణాలను లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించాడు. మతిమరుపు జబ్బు వచ్చిన తన రోగి మెదడులో కనిపించిన మార్పులను జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో తోటి వైద్యుల ముందు పెట్టాడు. ఈ జబ్బులను పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అందుకే జబ్బు ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో, ఎవరికి ఆలస్యంగా వస్తుందన్న ప్రశ్నకూ అంతే విలువ ఉంది.

రెండో ప్రశ్న మీద ప్రపంచం గమనించిన అధ్యయనం ఒకటి హైదరాబాదులోనే జరిగింది. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్‌తో కలిసి 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలను పరిశీలించింది. వారిలో 391 మందికి రెండు లేదా అంతకు మించి భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారి కంటే వీరిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. మూడో భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు. 2013లో ఈ ఫలితాలు ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చాయి.

అంతకుముందు 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం ఇలాంటి ఫలితమే చూపింది. అయితే అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవారు. తేడాకు కారణం భాషా, వలసా అన్న అనుమానం మిగిలిపోయింది. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. చాంద్రాయణగుట్ట కిరాణా కొట్టులో ఒకరు ఉర్దూలో చక్కెర అడుగుతారు, వెనకాలే మరొకరు తెలుగులో కందిపప్పు అడుగుతారు. కొట్టతను తూకం ఆపకుండా ఎవరి భాషలో వారికి జవాబు చెబుతాడు. పక్కనే ఉన్న బార్కస్‌లో నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు ఉన్నారు. ఇక్కడ రెండో భాష వీధిలోనే అబ్బుతుంది.

ఈ రంగంలో కష్టమంతా కొలతలోనే ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షలో రోగిని గడియారం బొమ్మ గీయమంటారు, ఒక పేరూ చిరునామా చెప్పి కాసేపాగి మళ్లీ అడుగుతారు, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కిస్తారు. జీవితంలో పెన్సిల్ పట్టని మనిషి గడియారం గీయలేకపోతే అది జబ్బు కాదు. అందుకే కేంబ్రిడ్జిలో తయారైన అడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగుకు తగినట్టు మార్చుకోవలసి వచ్చింది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షల సంపుటి సిద్ధం చేయించింది.

ఒక అధ్యయనంతో మాట తేలిపోదు. న్యూయార్క్ ఉత్తర మన్‌హట్టన్‌లో స్పానిష్ మాట్లాడే వలసదారులను ఏళ్లపాటు గమనించిన బృందం, రెండు భాషలు డిమెన్షియాను ఆపినట్టు కనిపించలేదని 2014లో రాసింది. తన ఫలితానికి ఎదురు నిలిచే ఫలితాన్ని ఓపికగా చదవడం పరిశోధకురాలికి మొదటి క్రమశిక్షణ.

దారులు రెండు. వైద్యం వైపు వెళితే ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, న్యూరాలజీలో డీఎం మరో మూడేళ్లు. ప్రయోగశాల వైపు వెళితే ఎమ్మెస్సీ, నెట్ పరీక్ష, ఆపైన ఐదారేళ్ల పీహెచ్‌డీ. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం ఇందుకు దగ్గర్లోనే ఉన్నాయి. ఏ దారైనా దాదాపు పదేళ్ల మాట. తొందర ఉన్నవారికి ఇది తగిన పని కాదు.

రోగి భాష రాకపోతే రోగి జ్ఞాపకాన్ని కొలవడం కుదరదు. పాతబస్తీలో పుట్టి తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన అమ్మాయికి ఆ సాధనం ఇప్పటికే చేతిలో ఉంది. దాన్ని వదులుకోకూడదు.

శుభాకాంక్షలతో,
మామయ్య