ఇంట్లో చివర తినేది ఎవరు?

సోములమ్మ భర్తకు మూడు వారాలుగా దగ్గు. పొద్దు వాలితే జ్వరం. మనిషి బాగా చిక్కిపోయాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేశారు. టి.బి. అన్నారు. పెద్దవాళ్లు క్షయ అనేది దీన్నే.

మందులు ఉచితంగా ఇచ్చారు. ఆరు నెలలు మానకుండా మింగాలన్నారు.

ఇంటికి రాగానే అత్త కొడుకు కంచం, గ్లాసు వేరు చేసింది. "వీటిని ఎవరూ ముట్టుకోకండి" అంది. సోములమ్మ సరేనంది. ఆ రాత్రి కూడా అందరూ తిన్నాకే ఆమె కూర్చుంది. పప్పు అయిపోయింది. అడుగున ఉన్న అన్నంలో పల్చటి మజ్జిగ పోసుకుని తింది.

ఈ ఇంట్లో అపాయం ఎక్కడుంది? కంచంలో లేదు. కంచం వల్ల, బట్టల వల్ల టి.బి. రాదు. రోగి దగ్గినప్పుడు క్రిములు గాలిలో కలుస్తాయి. ఆ గాలి పీల్చిన వాళ్ల ఒంట్లోకి పోతాయి. క్రిమి పోయిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. ఒంట్లో సత్తువ ఉంటే చాలామందిలో అది అణిగే ఉంటుంది. తిండి చాలక ఒళ్లు నీరసిస్తే పైకి లేస్తుంది.

బలమైన తిండి తినమని పెద్దలు ఎప్పుడూ చెప్పేదే. అయితే తిండి వల్ల ఎంత మేలో లెక్క కట్టి చూపింది ఈమధ్యనే. జార్ఖండ్ రాష్ట్రంలో 2019లో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ, చెన్నైలోని క్షయ పరిశోధన సంస్థ వాళ్లు కలిసి చేశారు. 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది ఇందులో ఉన్నారు. రోగులందరికీ మందులతోపాటు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చారు. సుమారు సగం మంది రోగుల ఇళ్లలో మాత్రం మిగతావాళ్లకు కూడా తిండి గింజలు ఇచ్చారు. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి నెలకు 5 కేజీల బియ్యం, కేజీన్నర కందిపప్పు. విటమిన్ బిళ్లలు కూడా. అంతే. ఖరీదైన మందేమీ కాదు.

2023లో ఫలితం చెప్పారు. తిండి అందని ఇళ్లలో 100 మందికి జబ్బు వస్తే, అందిన ఇళ్లలో 61 మందికే వచ్చినట్టు లెక్క తేలింది. దగ్గుతో ఇతరులకు అంటే రకమైతే దాదాపు సగానికి తగ్గింది. రోగుల్లో కూడా, మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్లలో చావులు బాగా తక్కువ.

అలాగని తిండి ఉంటే మందు మానొచ్చని కాదు. ఒకప్పుడు టి.బి. వస్తే ఊరికి దూరంగా, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి చోట్ల నెలల తరబడి ఉంచేవారు. అప్పుడు మద్రాసులో ఒక పరిశోధన జరిగింది. కొందరిని ఆసుపత్రిలో పెట్టి మంచి తిండి పెట్టారు. కొందరికి ఇంటి దగ్గరే మందిచ్చారు. ఇంటి దగ్గర వాళ్లకు తిండి అంతంతమాత్రమే. అయినా మందు సరిగా మింగినవాళ్లకు నయమైంది. 1959లో ఈ సంగతి బయటపెట్టారు. మందే ప్రాణం నిలుపుతుందని అప్పుడే తేలింది. కాని ఆ తర్వాత తిండి మాట వెనకబడింది. ఇంట్లోవాళ్ల తిండి సంగతి ఎవరూ పెద్దగా అడగలేదు.

నర్సమ్మ సోములమ్మ ఇంటికి వచ్చింది. వేరుగా పెట్టిన కంచం చూసింది.

"కంచం కాదు పెద్దమ్మా, కిటికీ తెరవండి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమను. ఇంట్లో అందరూ పరీక్షకు రండి" అంది. తిండి కోసం ప్రభుత్వం రోగి బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తుందని చెప్పింది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైంది. 2024 నవంబరు నుంచి 1000 చేశారు.

"ఆ డబ్బు వాడి తిండికే కదా?" అంది అత్త.

"అవును. మరి నీ కోడలు ఏం తింటోంది?"

అత్త మాట్లాడలేదు.

రెండో నెల అయ్యాక ఆసుపత్రిలో బరువు చూశారు. భర్త మూడు కేజీలు పెరిగాడు. దగ్గు పోయింది. "ఇక బిళ్లలు చాలేమో" అన్నాడు. ఇంకా నాలుగు నెలలు మింగాలని నర్సమ్మ గట్టిగా చెప్పింది. ఇప్పుడు మానితే జబ్బు తిరగబెడుతుంది, ఆ మందులు మళ్లీ పనిచెయ్యకపోవచ్చు కూడా.

తర్వాత సోములమ్మ వైపు తిరిగింది.

"నువ్వూ ఎక్కు."

"నాకేం జబ్బు లేదు కదమ్మా?"

"లేదు. రాకూడదనే."

సోములమ్మ చెప్పులు విడిచి త్రాసు ఎక్కింది. ముల్లు 38 దగ్గర ఆగింది. అంకె ఆమే చదివింది.