ఇంటిపేరు ఏ గడిలో రాయాలి?

శాట్‌కో టోఫెల్‌కో దరఖాస్తు పెట్టడానికి కూర్చున్న మన పిల్లలు ఎక్కడ తడబడతారో తెలుసా? ఫీజు దగ్గర కాదు, సెంటర్ ఎంచుకునే దగ్గరా కాదు. మొట్టమొదటి గడిలోనే, పేరు రాయమన్న చోట. ఒక గడి 'ఫస్ట్ నేమ్' అంటుంది, ఇంకొకటి 'లాస్ట్ నేమ్' అంటుంది. మనకేమో ఇంటిపేరు ముందు, పేరు వెనక. మొదట వచ్చేదే ఫస్ట్ నేమ్ కదా అని పిల్లవాడు ఇంటిపేరును తీసుకెళ్ళి అక్కడ పెడతాడు. పక్కన కూర్చున్న నాయన 'సరిపోతుందిలే, నొక్కు' అంటాడు. ఆ నొక్కుడు ఖరీదు ఎంతో ఆర్నెల్ల తర్వాత గాని తెలియదు.

మదనపల్లెలో పుట్టి చదువుకోసం సముద్రం దాటిన వాళ్ళలో లోకమంతా ఎరిగినవాడు జిడ్డు కృష్ణమూర్తి. 1895లో ఇక్కడే పుట్టాడు. ఇంటిపేరు జిడ్డు. ఇంగ్లండు చేరాక ఆ జిడ్డు 'జె' అనే ఒంటి అక్షరంగా మిగిలి, అమ్మానాన్నలు పెట్టిన పేరే ఇంటిపేరులా చలామణీ అయింది. ఆయన కాలంలో అది చెల్లింది. పాస్‌పోర్టులో ఉన్న పేరును, స్కోరు కార్డు మీది పేరును అక్షరం అక్షరం పోల్చి చూసే కంప్యూటర్లు అప్పుడు లేవు మరి.

ఇప్పుడున్నాయి. అందుకే పిల్లను పరీక్షకు కూర్చోబెట్టడానికంటే ముందు పాస్‌పోర్టు చేతికి తీసుకోండి. ఐఈఎల్‌టీఎస్‌కు మన దేశంలో పాస్‌పోర్టు తప్ప మరో గుర్తింపు చెల్లదు. మిగతా పరీక్షలకు వేరే కార్డు ఒప్పుకున్నా పాస్‌పోర్టుతోనే పెట్టడం మేలు. రేపు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితమూ, వీసా దరఖాస్తూ పాస్‌పోర్టులో ఉన్న పేరుమీదే నడుస్తాయి.

పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు. స్కూల్లో 'కె' అని సరిపెట్టుకున్నది అక్కడ పూర్తిగా విప్పి రాయాల్సిందే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మదనపల్లె వైపు ముస్లిం ఇళ్ళలో షేక్, సయ్యద్, పఠాన్ అన్నవి పేరుకు ముందుంటాయి. ఒకే ఇంట్లో అన్నకు అది ఇంటిపేరు గడిలో చేరి ఉంటుంది, చెల్లెలికి పేరులోనే కలిసిపోయి ఉంటుంది. కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్ళలో చాలామందికి ఇంటిపేరే లేదు, తండ్రిపేరు మొదటి అక్షరమే ఇనీషియల్. దాన్ని విప్పితే తండ్రిపేరు వచ్చి కొడుకు ఇంటిపేరై కూర్చుంటుంది. తప్పేమీ లేదు, అన్ని కాగితాల్లోనూ అలాగే కూర్చుంటే చాలు. ఇక శ్రీనివాసులును ఇంగ్లిషులో ఐతో రాసేవాళ్ళున్నారు, రెండు ఈలతో రాసేవాళ్ళున్నారు. రెడ్డి చివర వై పెట్టే మేనమామ, ఐ పెట్టే మేనల్లుడు ఒకే పంక్తిలో భోంచేస్తారు. పెళ్ళి శుభలేఖలో ఏది వేసినా ఎవరూ అడగరు, పరీక్ష సెంటర్ గేటు దగ్గర మాత్రం అడుగుతారు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా వాళ్ళు ఆ పేరంతటినీ ఇంటిపేరుగా రాసి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. పేరు తెలియదు అని దాని అర్థం. బారసాలనాడు బియ్యంలో రాసి పెట్టుకున్న పేరు అక్కడ తెలియనిదైపోతుంది. బ్యాంకు ఖాతాలోనూ డ్రైవింగు లైసెన్సులోనూ ఆ మూడక్షరాలు వెంటపడ్డ పిల్లలు నాకు తెలుసు. ఇంటిపేరు విడిగా చేర్పించుకోవాలంటే పాస్‌పోర్టును మళ్ళీ తీయించుకోవాలి, తిరుపతి సేవా కేంద్రానికి ఒక పూట పని. పరీక్షకు పేరు నమోదు చేయకముందే ఆ పని కానివ్వండి. తర్వాత చేస్తే స్కోరు ఒక పేరుమీద, పాస్‌పోర్టు ఇంకో పేరుమీద ఉంటాయి. మార్చే తీరిక లేదంటే పాస్‌పోర్టులో ఏది ఏ గడిలో ఉందో పరీక్ష దరఖాస్తులోనూ అదే ఆ గడిలో రాయించండి. ఒక్క పేరే ఉన్నవాళ్ళు ఎలా నింపాలో ప్రతి పరీక్ష నిబంధనల్లోనూ రాసి ఉంటుంది, ఊహించి రాయకండి.

బిడ్డ ఇంకా తొమ్మిదిలోనే ఉంటే మీరు అదృష్టవంతులు. పదో తరగతి పరీక్షకు స్కూలువాళ్ళు పంపే పేర్ల జాబితాలో మీ బిడ్డ పేరు స్పెల్లింగు ఒక్కసారి చూసి రండి. టెన్త్ మెమోలో ఏది అచ్చయితే మిగతా కాగితాలన్నీ దాన్నే పట్టుకుని నడుస్తాయి.

ఇక దరఖాస్తు ఎవరు నింపాలి? పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సెక్కి వచ్చి, కన్సల్టెన్సీ వాళ్ళ బల్లమీద కాగితాలు పెట్టి 'మీరే చూసుకోండి సార్' అని వెళ్ళిపోయే తల్లిదండ్రులను చూస్తుంటాను. వాళ్ళను తప్పుపట్టను. ఇంగ్లిషు భయం, తప్పు నొక్కుతామేమోనన్న భయం. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా చెల్లెలి కొడుకు అంగళ్ళు దగ్గర బీటెక్ చదువుతూ జీఆర్ఈ రాశాడు. దరఖాస్తు ఒక ఏజెన్సీ కుర్రాడు నింపాడు. ఈమెయిలూ వాడే తెరిచాడు, ఫోను నంబరూ వాడిదే ఇచ్చాడు. పరీక్ష బాగానే అయింది. స్కోరు యూనివర్సిటీలకు పంపాల్సిన వేళకు ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు, పాస్‌వర్డూ వాడితోపాటే వెళ్ళింది. పాస్‌పోర్టు కాపీలు పంపి, అర్ధరాత్రుళ్ళు ఫోన్లు చేసి ఖాతా చేతికి తెచ్చుకునేసరికి మావాడు కోరుకున్న ఒక యూనివర్సిటీ గడువు దాటిపోయింది. వాడు ఏడవలేదు. వాళ్ళమ్మ ఏడ్చింది, 'నేనే ఆ ఆఫీసుకు తీసుకెళ్ళాను' అని.

కన్సల్టెన్సీకి వెళ్ళొద్దని కాదు. సలహా అడగండి, కాలేజీల పేర్లు అడగండి. ఈమెయిలు మాత్రం బిడ్డే తెరవాలి, ఫోను నంబరు మీ ఇంటిదే ఉండాలి, గడులు బిడ్డ చేత్తోనే నిండాలి. మీకు ఇంగ్లిషు రాకపోయినా పక్కన కూర్చోండి. పాస్‌పోర్టు మీ చేతిలో పట్టుకుని బిడ్డ చేత ఒక్కో అక్షరం పైకి చదివించండి, మీరు పోల్చి చూడండి. దానికి ఇంగ్లిషు చదువు అక్కర్లేదు, వేలుపెట్టి చూసే ఓపిక ఉంటే చాలు.

ఫోను నంబరంటే గుర్తొచ్చింది. మన వైపు చాలా ఇళ్ళలో తల్లో తండ్రో కువైట్‌లో ఉంటారు, బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతుంది. ఇక్కడ మీట నొక్కితే ఓటీపీ కువైట్‌లో మోగుతుంది. తండ్రి పనిలో ఉంటాడు, లేదా ఆ ఇండియా సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఆధార్‌కు ఏ నంబరు ముడిపడి ఉందో సెలవుకు ఊరొచ్చినప్పుడే చూసుకుని, ఇంట్లో ఉండే నంబరుకు మార్పించి వెళ్ళండి. పద్దెనిమిది నిండని బిడ్డకు పాస్‌పోర్టు తీయాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలి. విదేశంలో ఉన్నవాళ్ళు అక్కడి మన రాయబార కార్యాలయంలో దాన్ని ధ్రువీకరించి పంపాలి. ఇదంతా తీరిక చూసుకుని చేసుకోవాల్సిన పని, వారం రోజుల్లో తెమిలేది కాదు.

అక్కడే బడిలో చదివించి, బిడ్డను ఇక్కడి కాలేజీకి పంపాలనుకునేవాళ్ళది ఇంకో కథ. నీట్ 2021లో మొదటిసారి కువైట్‌లో పెట్టారు కాబట్టి పరీక్ష కోసం విమానమెక్కే బాధ తగ్గింది. చిక్కు సీటు దగ్గర వస్తుంది. మన రాష్ట్రంలో ఇంజినీరింగు, మెడికల్ కన్వీనర్ సీట్లలో నూటికి 85 లోకల్ వాళ్ళకు. లోకల్ అనడానికి మొదట చూసేది చివరి నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది. తాతముత్తాతలది మదనపల్లే అయినా, ఆ నాలుగేళ్ళూ కువైట్‌లో చదివిన పిల్ల ఆ లెక్కలో నాన్‌లోకల్. అయితే మిగిలిన 15లో వాళ్ళకు దారి ఉంది. తల్లి గాని తండ్రి గాని, బయట ఉద్యోగం చేసిన కాలం పక్కనపెడితే, రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివసించి ఉంటే బిడ్డ దానికి అర్హురాలు. తహశీల్దారు ఆఫీసు నుంచి ఆ పదేళ్ళ నివాస ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ రోజున పరిగెడితే దొరకదు.

తొందర కొద్దీ బిడ్డ చేత అన్ని పరీక్షలూ ముందే రాయించేసే తల్లిదండ్రులకు ఒక మాట. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్ళే చెల్లుతాయి. జీఆర్ఈ అయిదేళ్ళు. బీటెక్ రెండో ఏడాదిలోనే ఇంగ్లిషు పరీక్ష రాయిస్తే చదువు అయ్యేసరికి స్కోరుకు కాలం చెల్లిపోతుంది, డబ్బు మళ్ళీ కట్టాలి. ఇంటర్ తర్వాతే అమెరికా అనుకునేవాళ్ళకు శాట్ అన్నిచోట్లా తప్పనిసరి కాదు. కరోనా కాలంలో చాలా కాలేజీలు దాన్ని వదిలేశాయి. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్ 2024లో మళ్ళీ అడగడం మొదలుపెట్టాయి. బిడ్డ ఎంచుకున్న కాలేజీ ఏది అడుగుతుందో చూసి దానికే కట్టండి.

కట్టడమంటే డాలర్లలో. శాట్‌కు మన పిల్లలకు వంద డాలర్ల పైచిలుకే అవుతుంది. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర పొద్దున ఒకటీ మధ్యాహ్నం ఒకటీ ఉన్నట్టు డాలరు ధరా కదులుతుంది, కాబట్టి నాలుగు డబ్బులు ఎక్కువే వేసుకోండి. మీ బ్యాంకు కార్డు విదేశీ చెల్లింపులకు మూసి ఉండే అవకాశం ఎక్కువ. చివరి రోజు రాత్రి పదకొండుకు 'డిక్లైన్డ్' అని వస్తే ఇంట్లో అందరూ అందర్నీ తిట్టుకుంటారు. ముందే బ్యాంకు యాప్‌లో తెరిపించుకోండి. నెట్ సెంటర్ అతని కార్డుతో కట్టించి చేతికి నోట్లు ఇస్తే, రేపు పరీక్ష రద్దయినప్పుడు డబ్బు అతని ఖాతాకే తిరిగి వెళ్తుంది.

డుయోలింగో లాంటివి ఇంట్లోనే రాయొచ్చు. సుఖమే, కానీ మన ఇళ్ళకు అదో అగ్నిపరీక్ష. గదిలో రాసేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. 'పాపం, పొద్దుట్నించీ ఏమీ తినలేదు' అని తల్లి కాఫీ గ్లాసుతో లోపలికి వెళ్తే పరీక్ష చెల్లకుండా పోవచ్చు. ఆ గంటసేపు కుక్కర్ పెట్టకండి, గుమ్మం బయట కూర్చుని వచ్చేవాళ్ళను ఆపండి. మీరు చేయగల సాయం అదే.

పరీక్ష తప్పితే ఏం చేయాలని అడుగుతారు. కృష్ణమూర్తి దగ్గరికే మళ్ళీ వస్తాను. ఆయన్ను ఆక్స్‌ఫర్డ్‌లో చేర్చాలని పెద్దవాళ్ళు ఎంతో తాపత్రయపడ్డారు. అక్కడ చేర్చుకోలేదు. లండన్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ ఒకటికి రెండుసార్లు రాసినా గట్టెక్కలేదు. వెంట వెళ్ళిన తమ్ముడు నిత్యానంద పాసై లా చదివాడు. ఒకే ఇంటి పిల్లలు, ఒకే ట్యూషన్లు. నాకు ఇంకో సంగతి ఎక్కువగా గుర్తుంటుంది. తండ్రి నారాయణయ్య 1910లో దివ్యజ్ఞాన సమాజం నాయకురాలు అనిబిసెంట్‌ను పిల్లల సంరక్షకురాలిగా ఒప్పుకుంటూ సంతకం చేశాడు. తర్వాత మనసు మారి 1912లో కోర్టుకెక్కాడు. మద్రాసులో గెలిచాడు, 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు. పిల్లల ఇష్టం ఏమిటో ఎవరూ అడగలేదన్నది అక్కడ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. ఫీజు కట్టడానికి ముందు ఒక సాయంత్రం బిడ్డను మిద్దెపైకి తీసుకెళ్ళి, 'నీకు వెళ్ళాలని ఉందా, ఊరక మాకోసం ఊ అంటున్నావా' అని అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోతే తొందరపెట్టకండి.

సెంటర్ మాటకొస్తే, మనకు బెంగళూరే దగ్గర. అక్కడ శాట్ సీట్లు త్వరగా నిండిపోతాయి, తేదీ ప్రకటించగానే పట్టుకోవాలి. పరీక్ష బ్లూబుక్ అనే యాప్‌లో కాబట్టి లాప్‌టాప్, చార్జరు తీసుకెళ్ళాలి. ముందు వారమే ఇంట్లో ఆ యాప్ తెరిచి చూసుకోవాలి. మదనపల్లె నుంచి చింతామణి మీదుగా బస్సులో, కుప్పం నుంచి రైల్లో ముందురోజే చేరి ఎవరైనా బంధువుల ఇంట్లో పడుకోండి. తెల్లవారుజామున బయల్దేరి ట్రాఫిక్‌ను నమ్ముకోకండి. పాస్‌పోర్టు జిరాక్సు కాదు, అసలుదే తీసుకెళ్ళాలి. మీ సంచిలో కాదు, బిడ్డ చేతిలో ఉండాలి, ఎందుకంటే గేటు దగ్గరే మిమ్మల్ని ఆపేస్తారు. పరీక్ష గదిలో ఫోను ఉంచుకోనివ్వరు కాబట్టి దాన్ని మీకే ఇచ్చి వెళ్తుంది. బయటికొచ్చాక మీకు ఫోను చేయలేదు. ఏ చెట్టుకింద, ఏ టీ అంగడి ముందు ఉంటారో గేటు దగ్గర విడిపోయేముందే చెప్పుకుని, అక్కడినుంచి కదలకండి.