చింత – ఎముకల పుష్టి

బెంగతో కృశించిన వానిని గూర్చి ‘చిక్కి శల్యమైనాడు’ అంటాం. శల్యమంటే ఎముక. చింత కండను కరిగించినా ఎముకను మిగులుస్తుందని ఈ జాతీయంలోని భావం. అయితే దీర్ఘకాలిక మానసిక ఒత్తిడి ఆ ఎముకను సైతం విడిచిపెట్టదని ఆధునిక వైద్యశాస్త్రం చెబుతున్నది.

ఎముక రాయివలె జడపదార్థం కాదు. అది సజీవ కణజాలం. ఒక రకం కణాలు పాత ఎముకను తొలగిస్తుంటే, మరొక రకం కణాలు కొత్త ఎముకను నిర్మిస్తుంటాయి. ఈ విధంగా పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం నూతనమవుతుంది. ఈ రెండు పనులు సమతూకంలో ఉన్నంతకాలం ఎముక దృఢంగా ఉంటుంది.

మనస్సు కలత చెందినప్పుడు మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును అధికంగా స్రవిస్తాయి. ఆపద వేళ ఇది శరీరానికి మేలే చేస్తుంది. కాని దీర్ఘకాలం మితిమీరితే నిర్మాణ కణాల పని మందగిస్తుంది. పేగులు కాల్షియాన్ని తక్కువగా గ్రహిస్తాయి. మూత్రం ద్వారా అది ఎక్కువగా వెలుపలికి పోతుంది. అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1932లో వివరించిన వ్యాధిలో ఈ హార్మోను విపరీతంగా పెరిగి ఎముకలు గుల్లబారుతాయి. సాధారణమైన ఒత్తిడి అంతటి హాని చేయదు. అయినా అది ఆకలిని, నిద్రను, వ్యాయామాన్ని దూరం చేసి ఎముకలను క్రమంగా బలహీనపరుస్తుంది.

ఈ విషయం విద్యార్థులు ప్రత్యేకంగా గ్రహించదగినది. ఎముకల సాంద్రతలో అధికభాగం 20 ఏండ్లలోపే సమకూరుతుంది. వార్ధక్యంలో మనిషిని నిలబెట్టేది ఆనాడు కూడబెట్టిన నిధియే. తెల్లవారకముందే పుస్తకం పట్టి, రాత్రి వరకు ఎండ ముఖం చూడక, పరీక్షల భయంతో అన్నం సహించక గడిపే విద్యార్థి ఆ నిధిని నింపుకోవలసిన కాలాన్ని జారవిడుచుకుంటున్నాడు.

బోలు ఎముకల వ్యాధికి వైద్యులు కాల్షియం, విటమిన్ డి, అవసరాన్ని బట్టి బిస్‌ఫాస్ఫోనేట్ల వంటి మందులు ఇస్తారు. అయితే దిగులుపడిన మనస్సు మందు వేళను మరుస్తుంది, వ్యాయామమంటే విసుగుకుంటుంది. కనుక ఎముకకు చేసే చికిత్స ఫలించాలంటే మనస్సునూ పట్టించుకోవాలి. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు గల ఆహారం, కొంతసేపు ఎండలో ఆట, చాలినంత నిద్ర ఉభయతారకమైనవి. దిగులు ఎంతకూ వీడనప్పుడు తల్లిదండ్రులకో, అధ్యాపకులకో చెప్పుకోవాలి. అవసరమైతే వైద్యుని సంప్రదించాలి. విరిగిన కాలును ఎవరూ దాచుకోరు. కలతపడిన మనస్సునూ దాచుకోనవసరం లేదు.