ల్యాప్‌టాప్‌లో నడిచిన భాగహారం బోర్డులో ఎందుకు ఆగింది?

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌లో మా అద్దె గది డాబా మీద ఉష్ణోగ్రత నమోదు చేయడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను 1000తో భాగించి సెకన్లుగా మార్చే వరుస అందులో ఒకటుంది. 64-బిట్ ల్యాప్‌టాప్‌లో అది చక్కగా నడిచింది. అదే సి కోడ్‌ను 32-బిట్ రిస్క్-ఫైవ్ బోర్డు కోసం బిల్డ్ చేయబోతే, ‘__యుడివ్‌డిఐ3’ అనే ఫంక్షన్ దొరకలేదని లింకర్ ఆగిపోయింది. ఆ పేరు నా కోడ్‌లో ఎక్కడా లేదు. మరి దాన్ని పిలిచిందెవరు?

కంపైలరే పిలిచింది.

రెండు అరల్లో ఒక సంఖ్య

32 బిట్లలో దాదాపు 429 కోట్ల వరకే లెక్క పడుతుంది. మిల్లీసెకన్లలో అది 49.7 రోజులు. ఆ తర్వాత లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. అందుకే 64-బిట్ సంఖ్య తీసుకున్నాను. 32-బిట్ ప్రాసెసర్ దాన్ని రెండు రిజిస్టర్లలో సగం సగం పెట్టుకుంటుంది. కూడిక తేలిక: కింది సగాలు కలిపి, మిగులును పై సగానికి చేరిస్తే చాలు. భాగహారం అలా సగం సగం విడిగా చేయలేం. బడిలో నేర్చుకున్నట్టు మెట్టు మెట్టుగా సాగాలి. అందుకు ఒకే ఆదేశం ఉండదు కాబట్టి, కంపైలర్ ఆ పనిని సహాయక ఫంక్షన్‌కు అప్పగిస్తుంది.

ఈ పద్ధతి పాతదే. 1949లో కేంబ్రిడ్జిలో పని మొదలుపెట్టిన ఎడ్‌శాక్ కంప్యూటర్‌కు భాగహార ఆదేశమే లేదు. అందులోనూ సబ్‌రొటీనే ఆ పని చేసేది.

పేరు మారుతుంది, పని మారదు

‘యు’ అంటే గుర్తు లేని సంఖ్య, ‘డివ్’ అంటే భాగహారం, ‘డిఐ’ అంటే 64-బిట్ పూర్ణాంకం. 32-బిట్ ఆర్మ్‌లో ఇదే పనికి ‘__ఏఇఏబిఐ_యుఎల్‌డివ్‌మోడ్’ అని పేరు. జీసీసీలో ఈ ఫంక్షన్లు లిబ్‌జీసీసీలో ఉంటాయి. క్లాంగ్‌కు కంపైలర్-ఆర్‌టీ ఉంది.

సరిచేయడం ఎలా?

1. లింకర్‌ను నేరుగా పిలవకుండా జీసీసీ ద్వారానే లింక్ చేయండి. ‘-నోస్టడ్‌లిబ్’ వాడితే చివర్లో ‘-ఎల్‌జీసీసీ’ చేర్చండి. ఆబ్జెక్ట్ ఫైళ్ల కంటే ముందు పెడితే దొరకకపోవచ్చు. నా తప్పు ఇక్కడే.

2. కంపైల్‌కూ లింక్‌కూ ఒకే ‘-మార్చ్’, ‘-ఎంఏబీఐ’ ఇవ్వండి. లేకపోతే వేరే రకం ప్రాసెసర్ లైబ్రరీ వచ్చి చేరుతుంది.

3. లినక్స్ కెర్నల్‌లో మాత్రం లైబ్రరీని తగిలించకండి. అక్కడ ఇందుకోసం ‘డివ్_యు64’, ‘డూ_డివ్’ ఉన్నాయి.

రెండు అడ్డదారులు ప్రమాదం. అదే పేరుతో ఖాళీ ఫంక్షన్ రాస్తే బిల్డ్ అవుతుంది, కానీ తప్పుడు సెకన్లు నిశ్శబ్దంగా నమోదవుతాయి. ఆ ఫంక్షన్‌లో మళ్లీ 64-బిట్ భాగహారమే రాస్తే, కంపైలర్ దాన్ని తిరిగి అదే ఫంక్షన్‌కు పిలుపుగా మారుస్తుంది. అది తనను తానే పిలుచుకుంటూ స్టాక్ నిండిపోతుంది.

తిరువనంతపురం సీ-డాక్ తేజస్32లో ఉన్నది 32-బిట్ రిస్క్-ఫైవ్ కోర్. మద్రాస్ ఐఐటీ ‘శక్తి’ కుటుంబంలో 32, 64-బిట్ రకాలు రెండూ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో రాసిన కోడ్‌ను ఇలాంటి చిప్‌లకు తీసుకెళ్లే విద్యార్థికి ఈ ఎర్రర్ ఎదురుకావచ్చు. అప్పుడు కోడ్ చెరిపేయనక్కర్లేదు. ప్రాసెసర్‌కు ఏ పని చేతకాలేదో ఆ పేరే చెబుతుంది. దాన్ని చదివితే దారి దొరుకుతుంది.