పడవలో పన్నెండు జట్లకే చోటు



మన దిండి రేవు సంగతి మీకు తెలిసిందే. ఇప్పుడంటే వసిష్ఠ గోదావరి మీద వంతెన ఉంది. బస్సెక్కితే చించినాడ దాటి పాలకొల్లు వెళ్ళిపోతాం. వంతెన లేని రోజుల్లో పడవే దిక్కు. పడవలో ఎందరికి చోటుంటే అందరే ఎక్కాలి. మిగిలినవాళ్ళు ఎంత తొందర పనున్నా ఒడ్డునే నిలబడాలి.

ఒలింపిక్స్ కూడా అలాంటి పడవే. ఒలింపిక్స్ అంటే నాలుగేళ్ళకు ఒకసారి జరిగే ప్రపంచ ఆటల పండుగ. అందులో ఆడవాళ్ళ హాకీకి పన్నెండు జట్లనే తీసుకుంటారు. హాకీ ఆడే దేశాలు మాత్రం పదుల కొద్దీ ఉన్నాయి. అందుకని ముందుగా కొన్ని పోటీలు పెడతారు. వాటిలో నెగ్గిన జట్లకే చోటు. ఆ చోటు దక్కించుకోవడాన్నే 'అర్హత సాధించడం' అంటారు.

టీవీలో మనకు పతకం మెడలో వేసుకున్నవాళ్ళే కనబడతారు. అక్కడికి చేరడానికి పడిన పాట్లు కనబడవు. ఈ పాఠంలో ఆ పాట్ల గురించి చదువుదాం.

హాకీ ఎలా ఆడతారు?

ఒక్కో జట్టులో పదకొండు మంది ఆడతారు. అందరి చేతుల్లోనూ చివర వంపు తిరిగిన కర్ర ఉంటుంది. ఆ కర్రతో చిన్న గట్టి బంతిని కొట్టుకుంటూ పోవాలి. ఎదుటి జట్టు గోలులోకి పంపాలి. గోలు పన్నెండు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు ఉంటుంది. దాని ముందు కాపలా నిలబడే మనిషిని గోల్‌కీపరు అంటారు. కాళ్ళకు, చేతులకు, ముఖానికి రక్షణ కట్టుకుని, దూసుకొచ్చే బంతిని ఆమె ఆపాలి. ఆట మొత్తం అరవై నిమిషాలు.

ముప్పై ఆరేళ్ళు ఒడ్డునే

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ హాకీ మొదలైంది 1980లో, మాస్కోలో. ఆ ఏడు చాలా దేశాలు మాస్కోకు రాలేదు. ఆడవాళ్ళ హాకీలో ఆరు జట్లే ఆడాయి. మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

ఆ తర్వాత మనవాళ్ళకు చోటు దొరకలేదు. 1984లో లేదు. 1988లో లేదు. అలా వరసగా ఎనిమిది ఒలింపిక్స్ జరిగిపోయాయి. మాస్కోలో ఆడిన ఆడపిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ తర్వాతి తరం కూడా కర్ర పట్టి, దింపేసింది. ఒలింపిక్స్ మాత్రం చూడలేదు.

మనవాళ్ళకి ఆట రాకనా? కాదు. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లలే బంగారు పతకం గెలిచారు. 2002లో మాంచెస్టరులో జరిగిన కామన్‌వెల్త్ క్రీడల్లోనూ బంగారం వాళ్ళదే.

మరి ఎందుకు వెనకబడ్డారు? ఒక కారణం నేల. వెనకట హాకీ పచ్చగడ్డి మీద ఆడేవారు. 1976 నుంచి ఒలింపిక్స్‌లో కృత్రిమ పచ్చిక వచ్చింది. తివాచీలా పరిచి, నీళ్ళు చల్లి దాని మీద ఆడతారు. బంతి జారినట్టు పోతుంది. ఆ మైదానం వేయాలంటే చాలా డబ్బు కావాలి. డబ్బున్న దేశాలు ఊరూరా వేసుకున్నాయి. మన పిల్లలు మట్టి నేల మీద నేర్చుకుని, పెద్దయ్యాక ఆ పచ్చిక మీద ఆడాల్సి వచ్చింది. చెరువులో ఈత నేర్చినవాళ్ళని వరద గోదాట్లోకి దింపినట్టే.

రెండో కారణం ఇల్లు. దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం.

2012 ఫిబ్రవరిలో ఢిల్లీలో అర్హత పోటీలు జరిగాయి. నెగ్గిన ఒక్క జట్టుకే చోటు. మనవాళ్ళు ఆఖరి ఆట దాకా వచ్చారు. దక్షిణాఫ్రికా చేతిలో 1-3 తేడాతో ఓడిపోయారు. సొంత ఊళ్ళో, సొంత జనం ముందు పడవ వెళ్ళిపోయింది.

ఒక్క గోలు విలువ

2015లో బెల్జియం దేశంలోని ఆంట్వెర్ప్ నగరంలో మరో పోటీ జరిగింది. అయిదో స్థానం కోసం మన జట్టు జపానుతో తలపడింది. రాణీ రాంపాల్ ఒక్క గోలు కొట్టింది. 1-0తో మనం గెలిచాం. రాణి హర్యానా అమ్మాయి. తండ్రి బండి లాగి సంసారం నడిపిన మనిషి.

గెలిచిన వెంటనే చోటు ఖాయం కాలేదు. వేరే దేశాల ఆటల ఫలితాలు తేలేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగస్టు చివర్లో కబురొచ్చింది. చోటు దొరికింది! ముప్పై ఆరేళ్ళ తర్వాత 2016లో మన ఆడపిల్లలు బ్రెజిల్‌లోని రియో ఒలింపిక్స్‌కు వెళ్ళారు.

అక్కడ ఏమైంది? అయిదు ఆటలు ఆడారు. ఒకటి సమానమైంది. నాలుగు ఓడిపోయారు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం వచ్చింది.

"అంత పాటు పడి ఆఖరిన నిలబడ్డారా?" అని మీరు అడగొచ్చు. నిజమే, ఆఖరే. కానీ అక్కలారా, మొదటి రోజు పలక పట్టినప్పుడు మన 'అ' ఎలా ఉంది? వంకర పోలేదా? ఆ వంకర అక్షరమే మనల్ని ఈ పుస్తకం దాకా తెచ్చింది. ఆ అమ్మాయిలకు రియో అలాంటిది.

భువనేశ్వర్‌లో రెండు రోజులు

తర్వాతి ఒలింపిక్స్ కోసం 2019 నవంబరులో భువనేశ్వర్‌లో అమెరికాతో రెండు ఆటలు పెట్టారు. రెండు ఆటల గోళ్ళూ కలిపి లెక్క వేస్తారు. ఎవరివి ఎక్కువైతే వాళ్ళకే చోటు.

మొదటి రోజు మనం 5, అమెరికా 1. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

రెండో రోజు కథ తిరగబడింది. సగం ఆట అయ్యేసరికి అమెరికా నాలుగు గోళ్ళు కొట్టేసింది. మనది సున్న. కలిపితే అయిదూ అయిదూ సమానం. ముందు రోజు కూడబెట్టిందంతా కరిగిపోయింది. అప్పుడు 48వ నిమిషంలో రాణి గోలు కొట్టింది. ఆ రోజు ఆట 1-4తో ఓడినా, మొత్తం లెక్క 6-5. ఒక్క గోలుతో చోటు దక్కింది.

టోక్యో ఒలింపిక్స్ కరోనా వల్ల ఏడాది ఆలస్యమై 2021లో జరిగాయి. మన జట్టు మొదటి మూడు ఆటలూ ఓడింది. అయినా వాళ్ళు నీరుగారిపోలేదు. ఐర్లాండును ఓడించారు. దక్షిణాఫ్రికాతో ఆటలో వందనా కటారియా ఒక్కతే మూడు గోళ్ళు కొట్టింది. తర్వాత బలమైన ఆస్ట్రేలియాను గుర్జీత్ కౌర్ కొట్టిన ఒకే గోలుతో ఇంటికి పంపారు. కంచు పతకం కోసం ఆడిన ఆటలో బ్రిటన్ చేతిలో 3-4తో ఓడారు. మైదానంలోనే ఏడ్చారు. పతకం రాలేదు. కానీ రియోలో పన్నెండోది, టోక్యోలో నాలుగోది.

మళ్ళీ ఒడ్డుకు

ఇక్కడితో కథ సుఖాంతం అయితే బాగుండేది. కాలేదు. 2024 జనవరిలో రాంచీలో అర్హత పోటీలు జరిగాయి. ఎనిమిది జట్లు, మూడు చోట్లు. మనవాళ్ళు జర్మనీతో 2-2తో సమానంగా నిలిచి, చివరి షూటవుట్‌లో ఓడారు. మూడో చోటు కోసం జపానుతో ఆడారు. 0-1. ఒక్క గోలు. 2015లో అదే జపాను మీద ఒక్క గోలుతోనే మనం గెలిచాం. ఈసారి ఆ ఒక్క గోలూ వాళ్ళదైంది. పారిస్ ఒలింపిక్స్‌కు మన ఆడపిల్లల జట్టు వెళ్ళలేదు.

కానీ కర్రలు అటక మీద పెట్టలేదు. అదే ఏడు నవంబరులో బీహారులోని రాజ్‌గిర్‌లో ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ ఆడారు. ఆఖరి ఆటలో చైనాను 1-0తో గెలిచారు. ఆ చైనా జట్టే పారిస్‌లో వెండి పతకం తెచ్చుకుంది.

ఈ కష్టం హాకీ వాళ్ళదే కాదు. బాస్కెట్‌బాల్‌లో మన మగవాళ్ళ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్ళింది ఒకే ఒక్కసారి, 1980లో. ఆ రోజు నుంచి పారిస్ దాకా మళ్ళీ వెళ్ళలేదు. ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు పారిస్ దాకా ఒక్కసారీ వెళ్ళలేదు.

మన తెలుగమ్మాయి

ఈ హాకీ జట్టుకు మన తెలుగమ్మాయి ఒకరు ఆడారు. పేరు ఇ. రజని. 1990లో పుట్టింది. అప్పటి చిత్తూరు జిల్లాలోని ఒక పల్లె ఆమెది. తండ్రి వడ్రంగి. రజని గోల్‌కీపరు.

రియో ఒలింపిక్స్‌కు రజని అదనపు గోల్‌కీపరు. టోక్యోకూ అదనపు గోల్‌కీపరే. గోలు ముందు నిలబడింది సవిత. సవితకు దెబ్బ తగిలితే దిగడానికి రజని సిద్ధంగా ఉండాలి.

"ఆడని మనిషి ఎందుకు?" అంటారా? తుఫాను కబురు వచ్చిందంటే మనం ఏం చేస్తాం? ఇంట్లో కరెంటు ఉన్నా సరే, లాంతరు తుడిచి కిరసనాయిలు పోసి పెట్టుకుంటాం. ఆ రాత్రి లాంతరు వెలిగించే అవసరం రాకపోవచ్చు. అది ఉందన్న ధైర్యంతోనే పిల్లల్ని పడుకోబెడతాం. అదనపు గోల్‌కీపరూ అంతే. అందరిలాగే సాధన చేయాలి. అందరిలాగే ఇల్లు విడిచి ఉండాలి. పేపర్లో ఫొటో మాత్రం రాదు.

అలా ఏళ్ళ తరబడి ఓపిక పట్టిన రజనిని 2024 జనవరిలో ఒక జట్టుకు కెప్టెన్ని చేశారు. అది అయిదుగురే ఆడే హాకీ. ఒమన్ దేశంలోని మస్కట్‌లో ప్రపంచ కప్పు పోటీ. మన కోనసీమ నుంచి ఎంతమంది అక్కచెల్లెళ్ళు మస్కట్ వెళ్ళి ఇళ్ళల్లో పనులు చేశారో మీకు తెలుసు. ఆ మస్కట్‌లోనే వడ్రంగి కూతురు భారత జట్టును నడిపించింది. ఆఖరి ఆటలో నెదర్లాండ్స్ చేతిలో ఓడినా రెండో స్థానం తెచ్చింది. రాంచీలో ఒక జట్టు ఓడిన నెలలోనే ఇది జరిగింది.

మన ఇంటి గుమ్మం

ఇప్పుడు రెండో కారణం. ఒలింపిక్స్‌కు అర్హత పోటీలు ఢిల్లీలోనూ రాంచీలోనూ జరుగుతాయి. కానీ ఆడపిల్లకు మొదటి అర్హత పోటీ ఇంటి గుమ్మం దగ్గరే జరుగుతుంది. అక్కడ తీర్పరులం మనమే.

పదేళ్ళ దాకా పిల్ల కొబ్బరి తోటలో పరుగెడితే ముచ్చటగా చూస్తాం. పెద్దమనిషి అయిందంటే చాలు, "ఇంక ఆటలేంటే, ఇంట్లో కూర్చో" అంటాం. "నల్లబడిపోతావు, పెళ్ళి కాదు" అంటాం. కొడుకు సాయంత్రం దాకా ఆడొస్తే అన్నం వడ్డిస్తాం. కూతురు ఆడొస్తే గిన్నెలు చూపిస్తాం. ఆ అమ్మాయి పోటీలో ఓడిపోలేదు. అసలు పోటీకే వెళ్ళలేదు.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్‌లో ప్రపంచమంతా తిరిగి గెలిచాడు. కాబట్టి కోనసీమకు ప్రపంచం దూరమేమీ కాదు. మన ఆడపిల్లకు మాత్రం ఎందుకు దూరం కావాలి?

ఆటలాడిన ప్రతి పిల్లా ఒలింపిక్స్‌కు వెళ్ళదు. వెళ్ళక్కర్లేదు కూడా. ఒళ్ళు గట్టిపడుతుంది. నలుగురిలో మాట్లాడే ధైర్యం వస్తుంది. ఓడినా మర్నాడు లేచి నిలబడడం తెలుస్తుంది. ఆ చివరిది బతుకంతా పనికొస్తుంది.

మనం ఏం చేయవచ్చు?

పిల్ల చదివే బడిలో ఆటల మాస్టారు ఉన్నారేమో అడగండి. లేకపోతే గ్రామసభలో అడగండి. బడుల మధ్య మండలం, జిల్లా, రాష్ట్రం స్థాయిల్లో పోటీలు జరుగుతాయి. వాటికి పంపండి. కడప దగ్గర ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. చిన్న తరగతుల్లోనే పిల్లల్ని ఎంచి చేర్చుకుంటారు. వివరాలు బడిలో అడిగి తెలుసుకోండి. రాసుకోండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా! ఆడే పిల్లకు కడుపునిండా తిండి పెట్టండి. కొడుక్కి పెట్టే గుడ్డు కూతురికీ పెట్టండి.

కొత్త మాటలు

అర్హత: ఒక చోటుకు వెళ్ళడానికి తగిన హక్కు సంపాదించుకోవడం
కృత్రిమ: మనిషి తయారుచేసిన
స్థాయి: మెట్టు
సాధన: రోజూ చేసే అభ్యాసం

లెక్క చేయండి

1. 2016లో నుంచి 1980 తీసివేస్తే ఎన్నేళ్ళు?
2. మన గోళ్ళు మొదటి రోజు 5, రెండో రోజు 1. మొత్తం ఎన్ని? అమెరికావి మొదటి రోజు 1, రెండో రోజు 4. మొత్తం ఎన్ని? తేడా ఎంత?

ఖాళీలు నింపండి

1. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ హాకీకి ........ జట్లకే చోటు.
2. రజని తండ్రి ........ పని చేసేవాడు.
3. రాంచీలో మనవాళ్ళు ........ గోలు తేడాతో మూడో చోటు పోగొట్టుకున్నారు.

కూర్చుని మాట్లాడుకోండి

1. చిన్నప్పుడు మీరు ఏ ఆటలు ఆడేవారు? ఎన్నో ఏట మానేశారు? ఎవరు మాన్పించారు?
2. పన్నెండో స్థానం వచ్చిన జట్టును ఓడిపోయిన జట్టు అనాలా? ఎందుకు?
3. మీ ఇంట్లో కూతురు రేపు ఉదయం "అమ్మా, ఆటకి వెళ్తాను" అంటే మీరు ఏమంటారు? ఆ జవాబును మీ చేత్తో ఒక కాగితం మీద రాయండి.